పేలాల్సినప్పుడు పేలదు... పేలకూడనప్పుడు పేలుతుంది!

పాండవులు అజ్ఞాతవాసానికి వెళ్తూ జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచిన కథ తెలుగిళ్లలో తెలియనిదెవరికి? కానీ ఆ కథలో ఎవరూ అంతగా పట్టించుకోని ముక్క ఒకటుంది. దాచేముందు వాళ్లు విల్లులకు కట్టిన నారి విప్పేశారు. నకులుడు చెట్టెక్కి, వానచుక్క పడని చోటు వెతికి మరీ వాటిని గట్టిగా కట్టాడు. ఏడాది తర్వాత ఉత్తర గోగ్రహణం నాడు అర్జునుడు గాండీవం అందుకుంటే అది నిన్ననే పెట్టినట్టు పలికింది. నారి బిగించిన విల్లును ఏడాదిపాటు వానలో వదిలేసి ఉంటే ఎంతటి వీరుడికైనా చేతిలో మిగిలేది వంకర కర్రే!

ఆ జమ్మిచెట్టు పేరు చెప్పుకునే దసరాకు ఆయుధపూజ చేస్తారు. జనగామ జిల్లా లింగాల ఘనపూర్ మండలంలోని ఏ పల్లెకు వెళ్లినా ఆ పొద్దున ట్రాక్టరు తళతళలాడుతుంది. కుట్టుమిషనుకూ, గడ్డపారకూ, మోటారు సైకిలుకూ పసుపు కుంకుమలు, బంతిపూలు. అదే పొద్దున పోలీసుల ఆయుధాగారంలోనూ... అదే, వాళ్ల భాషలో 'బెల్ ఆఫ్ ఆర్మ్స్'లోనూ... తుపాకులకు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు.

బాగానే ఉంది. మరి ఆ ఒక్కరోజు మెరిసిన తుపాకి మిగతా 364 రోజులూ ఎలా ఉంది? అసలు ప్రశ్న అదీ! ట్రాక్టరు మొరాయిస్తే ఓ పూట దున్నకం ఆగుతుంది. కుట్టుమిషను మొరాయిస్తే పండగ జాకెట్టు ఆలస్యమవుతుంది. తుపాకి మొరాయిస్తే... దాన్ని పట్టుకున్న మనిషి ఇంటికి తిరిగిరాకపోవచ్చు.

భర్మారు నేర్పిన పాఠం

లింగాల ఘనపూర్‌కు పొరుగునే దేవరుప్పుల మండలం. అందులోదే కడవెండి. 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. జనగామ తాలూకా అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉండేది. ఆరోజు జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలే. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1951 అక్టోబరులో విరమించేదాకా సాగిన ఆ పోరాటంలో దళాల చేతుల్లో ఎక్కువగా కనిపించిన తుపాకి భర్మారు. అవతలి పక్షం నుంచి గుంజుకున్న రైఫిళ్లు ఆ తర్వాతి మాట.

భర్మారంటే మూతి నుంచి మందు కూరే నాటు తుపాకి. సూరేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు పోయాలి. దానిమీద గుడ్డపీలిక, ఆపైన గుండు వేసి కడ్డీతో దట్టించాలి. వెనక చిన్న గొట్టం మీద టోపీ పెట్టి, గుర్రం ఎత్తి, మీట నొక్కాలి. ఒక్కసారి పేలిందంటే మళ్లీ మొదటికి!

ఈ నల్లమందుతో పెద్ద చిక్కు ఉంది. కాలాక మందులో సగానికి పైగా గట్టి మసిగా మిగులుతుంది. ఆ మసి గొట్టం లోపల పేరుకుంటే రెండోసారి, మూడోసారి గుండు దిగదు. బలవంతంగా దట్టిస్తే సగంలో ఇరుక్కుంటుంది. పైగా ఆ మసి గాల్లో తడిని పీల్చుకుంటుంది. వానాకాలం రాత్రి కాల్చిన భర్మారును తుడవకుండా గోడకు చేరవేస్తే తెల్లారేసరికి లోపల ఎర్రటి తుప్పు కనిపిస్తుంది. అందుకే దాన్ని వేడినీళ్లతో కడగాలి, పొడిగుడ్డతో తుడవాలి, ఆ తర్వాతే నూనె పట్టించాలి.

నూనె పట్టించాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. మళ్లీ మందు పోసేముందు ఆ నూనెను శుభ్రంగా తుడిచెయ్యకపోతే అది మందును తడిపేస్తుంది. టోపీ పెట్టే గొట్టంలోకి జారితే నిప్పు లోపలికి చేరదు. 'టప్'మని టోపీ పేలుతుంది, తుపాకి మాత్రం నోరు విప్పదు! తుప్పు నుంచి కాపాడిన నూనే అదనులో దెబ్బతీస్తుందన్నమాట. ఇనుముకు నూనె కావాలి, మందుకు నూనె పనికిరాదు... తుపాకి సంరక్షణ అంతా ఈ రెండు ముక్కల మధ్యే ఉంది.

నిజానికి ఈ జిడ్డు గొడవే ఒకసారి దేశచరిత్రను మలుపు తిప్పింది. 1857లో సిపాయిలకు ఇచ్చిన ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాలకు కొవ్వు పూసేవారు. ఎందుకు? గాడులున్న గొట్టంలో గుండు సులువుగా దిగాలి, లోపలి మసి మెత్తబడాలి. యంత్రం లెక్క ప్రకారం అది అవసరమే. కానీ ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న మాట దావానలంలా పాకింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్‌పాండే తిరగబడ్డాడు. మే 10న మీరట్ భగ్గుమంది. తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నా, అగ్గిపుల్ల గీసింది మాత్రం ఆ జిడ్డే!

తలకిందులైన మాట

పత్రికల్లో తరచూ కనిపించే చిన్నవార్త ఒకటుంది. 'తుపాకి మిస్‌ఫైరై కానిస్టేబుల్‌కు గాయాలు'. శుభ్రం చేస్తుండగా పేలిందనో, బస్సు దిగుతుండగా పేలిందనో కింద నాలుగు వాక్యాలు ఉంటాయి. చదివి 'అయ్యో' అనుకుని పేజీ తిప్పేస్తాం.

కానీ ఆ మాట తలకిందులైంది. తుపాకుల వాళ్ల లెక్కలో మిస్‌ఫైరంటే పేలడం కాదు... పేలకపోవడం! మీట నొక్కితే 'టిక్' మని చప్పుడొచ్చి తూటా తుస్సుమంటే అది మిస్‌ఫైర్. అక్కర్లేనప్పుడు పేలితే అది ప్రమాదవశాత్తూ పేలడం, చాలాసార్లు నిర్లక్ష్యంవల్ల పేలడం. రెండూ ఎదురెదురు సంగతులు. చిత్రమేమిటంటే వెతుకుతూ పోతే రెండింటి వేరూ తరచూ ఒక్కచోటే తేలుతుంది. ఎవరో చూడాల్సినప్పుడు చూడలేదు.

ఈ రెండింటికీ మధ్య మూడోది మరొకటుంది. దీపావళి నాడు పిల్లలకు ఇది బాగా తెలుసు. వత్తి అంటించిన బాంబు పేలదు. ఆరిపోయిందనుకుని దగ్గరికెళ్లి వంగేసరికి 'ఢాం'! తూటా కూడా ఒక్కోసారి అంతే. లోపల మందు నెమ్మదిగా రాజుకుని ఆలస్యంగా పేలుతుంది. దీన్ని 'హ్యాంగ్ ఫైర్' అంటారు. అందుకే తుపాకి పేలనప్పుడు కంగారుగా బోల్టు లాగెయ్యకూడదు. మూతిని గురి వైపే ఉంచి అర నిమిషమైనా ఆగాలని కాల్పుల మైదానంలో మొదటిరోజే నేర్పుతారు.

ఎక్కడ మొరాయిస్తుంది?

రైఫిల్ చేసే పని చూడ్డానికి ఒక్క క్షణమే. కానీ ఆ క్షణంలో నాలుగు మెట్లున్నాయి. మ్యాగజైన్‌లోంచి తూటా గదిలోకి ఎక్కాలి. సూది దాని అడుగున కొట్టాలి. గుండు వెళ్లిపోయాక ఇత్తడి తొడుగును కొక్కెం పట్టి బయటికి లాగాలి. ఆ తొడుగు పక్కకు ఎగిరిపడితే తర్వాతి తూటాకు దారి దొరుకుతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే జబ్బేమిటో సగం తెలిసిపోతుంది.

'టిక్' మని చప్పుడొచ్చి పేలలేదా? తూటా పాడైతే సరే. తూటా మంచిదైతే అనుమానించాల్సింది బోల్టు లోపలి సూదిని. ఎప్పుడో పట్టించిన నూనె దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడితే సూది బలంగా దూకలేదు. తూటా అడుగున లోతుగా పడాల్సిన గుంట పైపైన చుక్కలా పడుతుంది. పేలని తూటాను బయటికి తీసి ఆ గుంట చూస్తే చాలు, జబ్బు సూదిలో ఉందో తూటాలో ఉందో చెప్పేస్తారు అనుభవమున్న ఆర్మరర్లు. తూటాలకు నూనె తగలనివ్వకూడదనేది కూడా ఇందుకే. సన్నటి నూనె అడుగునున్న మందుబిళ్లలోకి ఇంకితే అది చచ్చుబడిపోతుంది.

తూటా గదిలోకి ఎక్కడం లేదా? మ్యాగజైన్ చూడాలి. లోపలి స్ప్రింగు నీరసించినా, పెదవులు వంగినా, నూనె ఎక్కువై దుమ్ము పట్టినా తూటా పైకి రాదు. త్రీనాట్‌త్రీ తూటాకైతే అడుగున అంచు ఉంటుంది. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడిందా... ఒకదానికొకటి చిక్కుకుని కూర్చుంటాయి. అది నూనెతో తీరే జబ్బు కాదు, సరిగ్గా నింపితే తీరేది.

కాలిన తొడుగు బయటికి రావడం లేదా? ఇది అన్నింటికన్నా ప్రమాదం. తూటా గదిలో మసి గానీ, తుప్పు గుంటలు గానీ ఉంటే వేడికి ఉబ్బిన ఇత్తడి అక్కడే కరుచుకుంటుంది. 'అయితే గదిలో కాస్త నూనె రాస్తే పోదా?' అనిపిస్తుంది. పోదు సరికదా, కొత్త ముప్పు వస్తుంది. పేలినప్పుడు ఇత్తడి తొడుగు గది గోడలను పట్టుకుని వెనక్కి నెట్టే బలాన్ని కొంత తాను భరిస్తుంది. గోడలు జిడ్డుగా ఉంటే ఆ పట్టు జారి, బలమంతా బోల్టు మీద పడుతుంది. గది ఎప్పుడూ పొడిగానే ఉండాలి.

ఇక తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిళ్ల సంగతి. మన పోలీసుల భుజాన ఎన్నో ఏళ్లు కనిపించిన ఎస్ఎల్ఆర్ ఈ కోవలోదే. కాలిన మందు వాయువులో కొంత పక్కదారిన వెళ్లి పిస్టన్‌ను నెడుతుంది. ఆ నెట్టుడుకే బోల్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొస్తుంది. మసి పట్టి ఆ నెట్టుడు తగ్గితే బోల్టు సగంలో ఆగిపోతుంది. అప్పటికి గ్యాస్ రెగ్యులేటర్‌ను ఒకటి రెండు గాట్లు బిగించి పని నడుపుకోవచ్చు. అది తాత్కాలిక వైద్యమే. అసలు వైద్యం శుభ్రం చెయ్యడం. పిస్టన్‌కు నూనె రాయకపోవడం కూడా అందులో భాగమే. రాసిన నూనె ఆ వేడికి కాలి మళ్లీ మసే అవుతుంది మరి!

మడమలో మందులపెట్టె

త్రీనాట్‌త్రీ రైఫిల్ మడమకు ఇత్తడి మూత ఉంటుంది. చాలామంది అది అలంకారమనుకుంటారు. తెరిచి చూస్తే లోపల చిన్న ఇత్తడి నూనె బుడ్డి, పక్కనే చుట్టిన తాడు. ఆ తాడు పేరు 'పుల్‌త్రూ'. ఒక చివర బరువు, రెండో చివర గుడ్డపీలిక దూర్చే ముడి. బోల్టు తీసేసి బరువును తూటా గదివైపు నుంచి జారవిడిచి, మూతివైపు నుంచి తిన్నగా లాగితే గొట్టం మొత్తం తుడుచుకుంటూ పీలిక బయటికి వస్తుంది. తాడును ఏటవాలుగా లాగితే మూతి దగ్గర ఇనుము ఓ పక్కే అరిగి గురి చెడుతుంది. గుడ్డపీలికకూ కొలత ఉంది. నాలుగంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు. ఇంకాస్త పెద్దదైతే మరీ బాగా తుడుస్తుందని దూర్చారో, గొట్టం మధ్యలో బిరడాలా బిగుసుకుంటుంది.

యుద్ధానికి పంపే తుపాకి కడుపులోనే దాని వైద్యాన్నీ పెట్టి పంపారంటే, తయారు చేసినవాళ్లు దేన్ని ముఖ్యమనుకున్నారో తెలుస్తూనే ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో వీడ్కోలు చెప్పేదాకా అక్కడ ఈ రైఫిల్ కొలువులోనే ఉంది. శుభ్రంగా చూసుకుంటే ఇనుముకు ఆయుష్షు ఎంతో!

ఆ రైఫిల్‌తో పాటే వచ్చిన వేడినీళ్ల కథ కూడా చెప్పుకోవాలి. పాతకాలం తూటాల అడుగున వాడిన రసాయనం కాలాక గొట్టంలో ఒకరకం ఉప్పు మిగిల్చేది. మనం కూరలో వేసే ఉప్పుకు దగ్గరి చుట్టం. ఊరగాయ జాడీ మూత ఇనుపదైతే ఏమవుతుందో ఇల్లాళ్లకు వేరే చెప్పాలా? ఆ ఉప్పు నూనెలో కరగదు. నూనె ఎంత పట్టించినా దాని కిందే ఉండి ఇనుమును తినేస్తుంది. అందుకే కాల్పులు ముగిశాక గరాటు పెట్టి లీటర్ల కొద్దీ మరిగే నీళ్లు గొట్టంలో పోసేవారు. నీళ్లకు ఉప్పు కరిగిపోతుంది, ఆ వేడికి తడి తనే ఆరిపోతుంది. ఆ తర్వాత నూనె. ఇప్పటి తూటాల్లో చాలావాటికి ఈ ఉప్పు బెడద లేదు. సూత్రం మాత్రం పాతదే. మురికి పోకుండా పూసిన నూనె, మురికికే కాపలా కాస్తుంది.

వియత్నాంలో బొమ్మల పుస్తకం

'మాది కొత్త రకం తుపాకి, ఇంత అవసరం లేదు' అనుకుంటే ఏమవుతుందో అమెరికా సైన్యం చాలా ఖరీదు పెట్టి తెలుసుకుంది. 1960ల నడుమ వియత్నాం యుద్ధానికి ఎం-16 రైఫిళ్లు పంపారు. తేలిక, చూడ్డానికి బొమ్మ తుపాకిలా ఉంటుంది. దాన్ని పెద్దగా శుభ్రం చెయ్యక్కర్లేదన్న మాట సైనికుల్లో ప్రచారమైంది. చాలామందికి శుభ్రం చేసే సామగ్రి, తగిన శిక్షణ కూడా అందలేదు. అదే సమయంలో తూటాల్లో వాడే మందు మార్చారు. కొత్త మందుతో కాల్పుల వేగం పెరిగింది, మసీ పెరిగింది. అక్కడిది అసలే తడి అడవి. తూటా గదికి క్రోమియం పూత లేదు. తుప్పు గుంటల్లో ఇత్తడి తొడుగులు ఇరుక్కుపోయాయి.

ఫలితం? కొక్కెంతో రాని తొడుగును మూతిలోంచి కడ్డీ దూర్చి పొడిచి తీయాల్సి వచ్చింది. శత్రువు ఎదుట నిలబడి! పక్కన విప్పిన రైఫిల్‌తో చనిపోయి కనిపించిన సైనికుల గురించి ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. తల్లిదండ్రులు చట్టసభ సభ్యులను నిలదీశారు. 1967లో ఇకార్డ్ నాయకత్వంలోని ఉపసంఘం విచారించి సైన్యం తీరును గట్టిగానే తప్పుపట్టింది. తర్వాత తూటా గదికి క్రోమియం పూత వచ్చింది, శుభ్రం చేసే సామగ్రి వచ్చింది, శిక్షణ వచ్చింది.

వీటితోపాటు 1968లో ఓ బొమ్మల పుస్తకం వచ్చింది. ప్రసిద్ధ కామిక్ చిత్రకారుడు విల్ ఐస్నర్ గీసినది. ఏ భాగం విప్పాలి, ఎక్కడ తుడవాలి, ఎక్కడ చుక్క నూనె వెయ్యాలి... అంతా సరదా బొమ్మల్లో. లావుపాటి నిబంధనల పుస్తకాన్ని ఇరవయ్యేళ్ల కుర్రాడు చదవడని, బొమ్మల కథైతే వదలడని వాళ్లకు అర్థమైంది. మంచి తుపాకి ఇవ్వడంతో పని అయిపోదు, దాన్ని చూసుకోవడం నేర్పేదాకా ఇచ్చినట్టే కాదని ఆ పుస్తకం ఒప్పుకున్నట్టయింది.

ఎండకో లెక్క... చలికో లెక్క

అయితే ఎంత నూనె వెయ్యాలి? కూరలో ఉప్పులాగే... తగినంత! అది ఊరునిబట్టి, కాలాన్నిబట్టి మారుతుంది.

1941 శీతాకాలంలో రష్యా మంచులో జర్మన్ సైనికుల ఆయుధాల్లో నూనె గడ్డకట్టినంత పనైంది. సూది కదలలేదు, బోల్టు కదలలేదు. అంత చలిలో నూనెను దాదాపు పూర్తిగా తుడిచేసి పొడిగా ఉంచడమే మేలు. ఎడారిలోనూ దాదాపు అంతే, కారణం వేరు. జిడ్డుకు ఇసుక అంటుకుని ఆకురాయిలా ఇనుమును అరగదీస్తుంది. మన దగ్గర 1999 కార్గిల్ యుద్ధమప్పుడు ఇన్సాస్ రైఫిళ్ల మీద ఫిర్యాదులొచ్చాయి. ఆ చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగులుతున్నాయని, కాలుస్తుంటే నూనె తుంపరలు కళ్లలో పడుతున్నాయని అప్పట్లో వార్తలు.

మరి జనగామ వైపు? వేసవిలో మండే ఎండలు, చెలకల ఎర్రదుమ్ము. వానాకాలంలో గోడలకు చెమ్మ. అంటే ఒకే తుపాకికి రెండు లెక్కలు. ఎండాకాలం నూనె పలచబడి కారిపోతుంది, మిగిలిన జిడ్డుకు దుమ్ము పడుతుంది. కనుక తక్కువ నూనె, తరచూ తుడవడం. వానాకాలం ఇనుము బయటంతా పలుచటి నూనెపొర ఉండాల్సిందే. చెమట చేతులతో పట్టుకున్న చోట మరీనూ. చెమటలోనూ ఉప్పే కదా!

ఎక్కువ నూనె రాసి మూతి పైకి పెట్టి నెలల తరబడి నిలబెడితే మరో ముప్పు. గొట్టంలోని నూనె నెమ్మదిగా కిందికి జారి బోల్టులోకి, అక్కణ్నుంచి మడమ చెక్కలోకి ఇంకుతుంది. చెక్క మెత్తబడి పట్టు వదిలేస్తుంది. నూనె తుడవకుండా కాలిస్తే మొదటి తూటా గురి తప్పుతుంది. అందుకే 'దాచేముందు నూనె, కాల్చేముందు పొడిగుడ్డ' అన్నది పాతకాపుల మాట.

ఇంకోటి. ఇంట్లో ఉందికదా అని కొబ్బరినూనె, కుసుమనూనె వాడటం. కుట్టుమిషనుకు కొబ్బరినూనె వేసి, నాలుగు నెలలకు చక్రం తిరగడం లేదని మెకానిక్కు దగ్గరకు మోసుకెళ్లినవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. వంటనూనెలు గాలి తగిలేకొద్దీ బంక కడతాయి, చలికి పేరుకుంటాయి. మిషనుకైనా తుపాకికైనా కావాల్సింది దానికోసం చేసిన పలుచటి ఖనిజ తైలమే.

శుభ్రం చేస్తుండగా...

ఇక ఆ చిన్నవార్త సంగతికి వద్దాం. 'తుపాకి శుభ్రం చేస్తుండగా పేలి...' ఖాళీ తుపాకి ఎప్పుడూ పేలదు. పేలిందంటే అది ఖాళీ కాదు. ఖాళీ అనుకున్నారు, అంతే!

చాలా ప్రమాదాల వెనక ఉండే పొరపాటు వరస తప్పడం. మ్యాగజైన్ తియ్యకుండా ముందు బోల్టు లాగుతారు. గదిలోని తూటా బయట పడుతుంది. హమ్మయ్య అనుకుంటారు. బోల్టు ముందుకెళ్లేటప్పుడు మ్యాగజైన్‌లోంచి ఇంకోటి ఎక్కేస్తుంది! తర్వాత మ్యాగజైన్ తీసి పక్కన పెట్టి, తుపాకి ఖాళీ అన్న ధీమాతో మీట నొక్కుతారు. సరైన వరస ఇది... మూతి మనుషులు లేని వైపు తిప్పాలి, వేలు మీటకు దూరంగా ఉంచాలి. ముందు మ్యాగజైన్ తియ్యాలి, తర్వాత బోల్టు తెరవాలి, తర్వాత తూటా గదిలోకి కంటితో చూడాలి, వీలైతే వేలు పెట్టి తడిమి చూడాలి. తూటాలు వేరేచోట పెట్టాకే గుడ్డా నూనే ముట్టుకోవాలి. కవాతు మైదానంలో 'జాంచ్ శస్త్ర్' అని ఆజ్ఞ వినిపిస్తే అందరూ బోల్టులు తెరిచి నిలబడేది ఇందుకే. అది లాంఛనం కాదు, ప్రాణాల లెక్క.

ఎన్‌సీసీలో చేరిన పిల్లలకు .22 రైఫిల్ చేతికిచ్చినప్పుడు గురిచూసి కొట్టడం తర్వాత సంగతి. ముందు 'ఖోల్నా-జోడ్నా', అంటే విప్పడం, కలపడం, శుభ్రం చెయ్యడం నేర్పుతారు. మొదట్లో పిల్లలకు విసుగే. ఎప్పుడెప్పుడు కాలుద్దామా అని ఆత్రం! కానీ తను విప్పిన భాగాన్ని తనే తుడిచి, తనే మళ్లీ చేర్చిన పిల్లాడికి తుపాకి సినిమాలో చూసినట్టు అనిపించదు. అది పొరపాటు ఒప్పుకోని యంత్రమని తెలుస్తుంది. ఆ భయభక్తులే వాడికి రక్ష.

ఈ కథ మనది కాదులే అనుకోవడానికి లేదు. బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్ పట్టుకుని నిలబడే మాజీ సైనికుడు ఎవరింటి పెద్దో. ఏటీఎంలో డబ్బు పెట్టే బండి వెనక కూర్చునే గార్డు ఎవరింటి కొడుకో. వాళ్ల భుజాన ఉన్నది ఎన్నాళ్ల కిందట విప్పి తుడిచిన తుపాకి? లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లు ఎన్నికలొచ్చినప్పుడల్లా వాటిని అప్పజెప్పి, తర్వాత తెచ్చుకుంటారు. తెచ్చుకున్నదాన్ని విప్పి చూడకుండానే అటక మీద పెట్టేవాళ్లు ఎంతమంది? తుప్పు పట్టిన మీట, బలహీనపడిన సేఫ్టీ క్యాచ్, ఎవరూ చూడని తూటా గది... ఇవి మూడూ ఒకచోట చేరిన రోజున ఏమవుతుందో చిన్నవార్త చెబుతుంది.

తాను విప్పలేననుకుంటే ఆర్మరర్ దగ్గరకో, లైసెన్సున్న తుపాకుల దుకాణానికో తీసుకెళ్లాలి. ఇరుక్కున్న తూటాను ఇంట్లో సుత్తితో, కడ్డీతో పొడిచి తీసే ప్రయత్నం అస్సలు వద్దు. ఇది పెద్దవాళ్లకు. పిల్లలకైతే ఒకటే మాట... ముట్టుకోవద్దు, వెళ్లి పెద్దవాళ్లతో చెప్పు.

జమ్మిచెట్టు ఎక్కినవాడు యుద్ధం ఎప్పుడొస్తుందో తెలిసి ఎక్కలేదు. ఎప్పుడొచ్చినా విల్లు చేతికి పనికిరావాలని ఎక్కాడు. రేపటి దసరాకు తుపాకి మీద బొట్టు పెట్టే చెయ్యి, ఆ మర్నాడు గుడ్డపీలిక కూడా పట్టుకుంటే... పూజ పూర్తయినట్టు!